పాత భవనాల్లో ఆస్బెస్టాస్

ఆస్బెస్టాస్ నిప్పును తట్టుకునే ఖనిజం. సన్నని నారలుగా విడిపోతుంది. సిమెంటు రేకులో బిగిసి ఉన్నంతకాలం ఆ నారల వల్ల ముప్పు తక్కువ. రేకును కోసినా, విరగ్గొట్టినా అవి కంటికి కనపడని ధూళిగా గాలిలో కలిసి, శ్వాసతో ఊపిరితిత్తుల లోతుకు చేరి, దశాబ్దాల తరువాత క్యాన్సర్‌కు దారితీయగలవు.

బ్రిటన్ 1999లో దీనిని నిషేధించినా, పాత భవనాలలో అది మిగిలే ఉంది. అందుకే కార్యాలయాలు, పాఠశాలలు, కర్మాగారాల నిర్వాహకులు దానిని గుర్తించి అదుపులో ఉంచాలని 2012 నాటి నిబంధనలు ఆదేశిస్తున్నాయి. అలా గుర్తించడానికి చేసే సర్వేలు ముఖ్యంగా రెండు రకాలు. వాడుకలో ఉన్న భవనంలో అందుబాటులో ఉన్న చోట్లను పరిశీలించేది మొదటిది. పెద్ద మరమ్మతుకు లేదా కూల్చివేతకు ముందు గోడలను, పైకప్పును విప్పి చూసేది రెండవది. నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించి, ఆ పదార్థం ఎక్కడ ఉందో, ఎంత దెబ్బతిన్నదో, పనివాళ్ల చేయి దానికి తగిలే అవకాశం ఎంతో నమోదు చేస్తారు. ఈ అంచనాయే అన్నిటికన్నా విలువైనది. ఎందుకంటే చెక్కుచెదరని పదార్థాన్ని పెకలించడం కంటే, కదపకుండా ఉంచి కనిపెట్టుకొని ఉండడమే తరచు క్షేమం.

భారతదేశంలో ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు ఇంకా అమ్ముడవుతున్నాయి. తెలుగునాట ఎన్నో ఇళ్లకు, షెడ్లకు అవే కప్పు. అయినా వాటిని దించే కూలీలకు ఈ ముప్పును చెప్పేవారు అరుదు కావడం బాధాకరం. పరీక్షలో తేలేవరకు పాత సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ ఉన్నట్టే భావించాలి. ఆ రేకును పొడిగా కోయకూడదు, రాలిన పొడిని చీపురుతో ఊడ్వకూడదు. దించక తప్పనప్పుడు నీటితో తడిపి, విరగకుండా, ముక్కలు కాకుండా దించాలి.