కంబళితోపాటు గోడ కూడ



2019 జనవరిలో ‘నోర్మా’ తుపాను లెబనాన్‌పై విరుచుకుపడినపుడు, బెకా లోయలోని సిరియా శరణార్థుల డేరాలు అనేకం నీట మునిగినవి. అర్సాల్ కొండలలో మంచు క్రింద కూరుకుపోయినవి. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ పరుపులు, కంబళ్ళు, ప్లాస్టిక్ పట్టాలు పంచిపెట్టినది. అంతవరకు మేలే.

కాని ఆ వేసవిలోనే, 1 మీటరుకు మించిన సిమెంటు ఇటుక గోడలను పడగొట్టుకొనవలసినదిగా అర్సాల్ శరణార్థులను అధికారులు ఆదేశించిరి. గోడ నిలిచిన మనిషి స్థిరపడిపోవునని వారి భయం! తమ చేతులతో కట్టినదానిని వారు తామే కూల్చుకొనిరి. దానిపై మరల కొయ్యలు, ప్లాస్టిక్ గుడ్డ. మరుసటి శీతకాలం ఎంత దూరం?

చలికాలపు సహాయనిధికి మన శాఖలు చందాలు వసూలు చేయవలసినదే. అయితే, ఆ సొమ్ముతోపాటు పంపు తీర్మానంలో, నిర్వాసితులకు గోడ కట్టుకొను అనుమతిని కూడ కోరవలెనని ప్రతిపాదించుచున్నాను.