చెవిలో హోరు – గ్రామ పంచాయతీల కర్తవ్యము

(సుబేదారిలో గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



నిజాము పాలనలో సుబేదారు కొలువుండిన చోటు గనుక దీనికి సుబేదారి యను పేరు నిలిచినది. నాటినుండి నేటివరకు జనులు తమ మొర చెప్పుకొనుటకు ఇచటికి వచ్చుచునే యున్నారు. ఈ దినము నేను మీ ముందుంచునది ఒక వింత మొర. బాధపడువానికి తప్ప మరియొకరికి వినిపించని ధ్వనిని గూర్చిన మొర అది. అదియే చెవిలో హోరు.

వైద్యులు దీనిని టిన్నిటస్ అందురు. మన పూర్వులు కర్ణనాదమనిరి. సుశ్రుత సంహితలో చెవి రోగముల నడుమ దీనికి చోటు కలదు. వెలుపల ఏ శబ్దమును లేకున్నను, చెవిలో కీచురాయి కూసినట్లో, రైసుమిల్లు తిరిగినట్లో వినిపించుచుండును. ప్రపంచమున పెద్దవారిలో నూటికి సుమారు 14 మందికి ఇది కలదనియు, నూటికి ఇద్దరిని తీవ్రముగా పీడించుచున్నదనియు 2022లో వెలువడిన ఒక పరిశీలన అంచనా వేసినది. అనగా ఇది మన గ్రామములలోను ఉండును. చెప్పుకొనువారు మాత్రము అరుదు.

నేను చాల యేండ్లు ప్రచార వాహనముపై లౌడు స్పీకరు ప్రక్కన నిలిచి పనిచేసినవాడను. రెండు చెవులలోను సన్నని కూత నాకును కలదు. మొదటి నెలలలో నిద్ర దూరమయ్యెను. "అంతయు నీ భ్రమ" అన్నవారే గాని కూర్చుండి విన్నవారు లేరు. చుక్కల మందులకు, నూనెలకు ధనము పోయినది, కూత పోలేదు. తుదకు మేలు చేసినవి రెండే. ఒక వైద్యురాలు ఓపికతో కారణము వివరించినది. నూలు మిల్లులో పనిచేసి విరమించిన ఒక వృద్ధుడు, "నాకును ఇరువది యేండ్లుగా ఉన్నది నాయనా, పంటలు పండించుకొనుచునే యున్నాను" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టినది.

కారణము నేను విన్నట్లే చెప్పెదను. లోపలి చెవిలో శబ్దమును గ్రహించు సూక్ష్మ కణములు కలవు. పెద్ద శబ్దములు, ముదిమి, కొన్ని మందులు వీనిని చెరచును. చెడినవి మనుష్యులకు మరల మొలకెత్తవు. చెవినుండి రావలసిన సమాచారము తగ్గినప్పుడు మెదడు ఆ లోటును తానే పూరించుకొనబోవుటవలన హోరు పుట్టునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. భయపడినకొలది మెదడు దానినే చెవియొగ్గి వినును. నిద్ర చెడును, నిద్ర చెడినకొలది హోరు మరింత బాధించును.

కొన్ని హోరులు సులభముగానే పోవును. గుబిలి గడ్డకట్టినను, చెవిలో చీము పట్టినను చికిత్స కలదు. కావున మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అవసరమైన వరంగల్లు ఎం.జి.ఎం. వంటి పెద్దాసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగమునకు పోవలెను. ఒక్క చెవిలోనే హోరు ఉన్నను, నాడి కొట్టుకొనినట్లు వినిపించినను, తల తిరుగుచున్నను జాగు చేయరాదు. ఉన్నట్లుండి వినికిడి పోయినచో ఆ దినముననే వైద్యుని చూడవలెను. ఆలస్యమైనకొలది పోయిన వినికిడి తిరిగివచ్చు అవకాశము తగ్గును.

మిగిలిన హోరును మాయము చేయు మాత్ర నేటికిని లేదు. అట్టి మాత్ర కలదని అమ్మువానిని నమ్మవలదు. అయినను బాధను తగ్గించు మార్గములు కలవు. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రము చాలవరకు ఉపశమనమిచ్చును. భయమును, ఆలోచనల తీరును మార్చుకొన నేర్పు మానసిక చికిత్సకు అన్నిటికంటె గట్టి ఆధారములు కలవు. అది హోరును ఆపదు, హోరువలని వేదనను తగ్గించును. చెవులకు ధ్వనులను, నాలుకకు అతి స్వల్ప విద్యుత్తును ఒకేసారి అందించు క్రొత్త పరికరమొకటి ఐర్లండులో రూపొందినది. 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ దానికి అనుమతి నిచ్చినది. అది ఖరీదైనది, అందరికిని గుణమిచ్చునది కాదు. అయస్కాంత తరంగములతో మెదడును ప్రేరేపించు ప్రయత్నములును జరుగుచున్నవి; ఫలితములు ఇంకను నిలకడగా లేవు.

ఇక మీ వంతు. ఇందులో మొదటిది తోడు కూర్చుండుట. బ్రిటనులో ఇట్టి బాధితుల సంఘము 1979లోనే ఏర్పడినది. కలిసి కూర్చుండుట మనకు క్రొత్త గాదు. మన మహిళా పొదుపు సంఘములే సాక్షి. నెలకొక సాయంకాలము పంచాయతీ కార్యాలయములో ఒక గది తెరచి, ఏ.ఎన్.ఎం.ను గాని ఆశా కార్యకర్తను గాని పిలువుడు. ప్రతివారును చెప్పుకొనవలెను, తక్కినవారు వినవలెను. అచట మందులమ్ముట కూడదు. రాత్రి పూర్తి నిశ్శబ్దములో పడుకొనక ఫ్యానునో, సన్నగా రేడియోనో ఉంచుకొనుట వంటి ఉపాయములు ఒకరినుండి ఒకరికి అందును. బ్రతుకుపై విసుగు చెందినట్లు ఎవరైన పలికినచో వారిని ఒంటరిగా విడువరాదు. 2022లో ఆరంభమైన టెలి మానస్ 14416 సంఖ్యకు రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటలాడుదురు.

రెండవది శబ్దము నదుపులో పెట్టుట. 85 డెసిబెళ్ళ శబ్దమును దినమునకు 8 గంటలకు మించి వినుట చెవికి హాని. 3 డెసిబెళ్ళు పెరిగినకొలది ఆ గడువు సగమగును. 100 డెసిబెళ్ళ యొద్ద 15 నిమిషములే. బరాత్‌లో డి.జె. పెట్టెల ముందు ఆడు పసివారిని తలచుకొనుడు. 2000 నాటి నియమముల ప్రకారము రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బహిరంగ స్థలములలో లౌడు స్పీకర్లు సాధారణముగా నిషిద్ధములు. క్వారీలలో, క్రషర్లలో, మిల్లులలో పనిచేయువారికి చెవిరక్షణలు ఇచ్చుచున్నారా యని అడుగుడు. మైకు పట్టి బ్రతికినవాడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను. మైకు గొంతు తగ్గించినను సందేశము చేరును.

ఈ మొరను వినుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. "నీవు చెప్పునది నిజమే, కూర్చో" అను ఒక్క మాట మీ గ్రామమున పలికినచో, ఎవరో ఒకరికి ఆ రాత్రి నిద్ర పట్టును.