కలపాలా, తీసేయాలా? ముందు కర్ణం చూడండి!

ఇల్లు కట్టడానికి ముగ్గు పోశారు, 30 బై 40 అడుగులు. మూల కరెక్ట్‌గా 90 డిగ్రీలు వచ్చిందా? టేపు ఐమూలగా పట్టండి. పైథాగరస్ లెక్క: 30 స్క్వేర్ 900, 40 స్క్వేర్ 1600, కలిపితే 2500. రూట్ 50. టేపు 49 చూపిస్తే మూల వంకరే. గోడలు లేచాక సరిచేయడం చాలా కష్టం.

ఇప్పుడు రివర్స్. మూల 90 డిగ్రీలే, కర్ణం 50, ఒక భుజం 30. రెండోది ఎంత? మళ్లీ కలిపితే 58 దాటుతుంది. భుజం కర్ణం కంటే పెద్దదవుతుందా? అవ్వదు! కాబట్టి 2500 నుంచి 900 తీసేయండి: 1600, రూట్ 40.

90 డిగ్రీలకి ఎదురుగా ఉన్నదే కర్ణం. అది తెలియకపోతే కలపండి, తెలిస్తే తీసేయండి.

13 అడుగుల నిచ్చెన, కాళ్లు గోడకి 5 అడుగుల దూరం. పైన ఎంత ఎత్తులో ఆనుతుంది? కామెంట్ పెట్టండి!