పై రంగు చూసి పడవ కొనవద్దు
(బీదర్‌లో జరిగిన స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు విలువ గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పై ఏళ్ళుగా ఫైబర్ పడవలు బాగుచేస్తున్న మనిషిని. కనుక నాకు తెలిసిన పడవ గురించే చెబుతాను.

నేను మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరంలో ఉన్నాను. కారంజా జలాశయంలో చేపలు పట్టే మా మేనమామ, సముద్రం వైపు నుంచి లారీలో వచ్చిన ఒక పాత ఫైబర్ పడవకు బేరం పెట్టుకున్నాడు. "నువ్వు చదువుకుంటున్నవు గదరా, జర చూసి చెప్పు" అన్నాడు. కొత్తగా నీలం రంగు వేసి ఉంది. నేను చుట్టూ ఒకసారి తిరిగి, "మంచిగున్నది మామా" అన్నాను. నిజానికి నాకు ఏమీ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడ్డాను.

ఆ వానాకాలంలోనే ఇంజన్ బిగించిన వెనుక పలక నీటి మధ్యలో ఊడిపోయింది. ఇంజన్ మునిగిపోయింది. మామ ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పడవకు పెట్టింది కూతురి చదువుకని దాచిన డబ్బు. ఆ ఏడు ఆమె పి.యు.సి.లో చేరలేదు. ఆ తరువాత పెళ్ళి అయిపోయింది. డిప్లొమా అయ్యాక నేను కాకినాడ వెళ్ళి పడవల పని నేర్చుకోవడానికి కారణం ఇదే.

ఫైబర్ కుళ్ళదు కదా, మరి పలక ఎందుకు ఊడింది? గాజు పీచు కుళ్ళని మాట నిజమే. అయితే చాలా పడవల్లో వెనుక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, అడుగున చెక్క దూలాలు ఉంటాయి, మునగకుండా ఫోమ్ నింపుతారు. ఒక్క మేకు రంధ్రం సరిగా మూయకపోయినా నీరు లోపలికి దిగుతుంది. పైన ఫైబర్ కప్పి ఉండడం వల్ల ఆ నీరు ఆరదు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్ళు పట్టదు. అది బాగా పెరిగి అలాగే నిలిస్తే బూజు చెక్కను తినేస్తుంది. ఉప్పు నీటికన్నా వాన నీరు, చెరువు నీరు చెక్కకు ఎక్కువ చేటు చేస్తాయి. ఉప్పు ఆ బూజును కొంత అడ్డుకుంటుంది. సముద్రంలో నిలిచిన పడవ మన కారంజాలోనూ నిలుస్తుందని అనుకోరాదు.

పాత పడవను చూసే పద్ధతి ఇది.

మొదట కళ్ళతో చూడాలి. ఇంజన్ బోల్టుల చుట్టూ పగుళ్ళు, అడుగున బొబ్బలు, రంధ్రాల నుంచి కారిన గోధుమరంగు మరకలు ఉన్నాయేమో వెదకాలి. కొత్త రంగు ఉన్నచోట ఇంకా జాగ్రత్తగా చూడాలి.

రెండోది బరువు. అడుగు బిరడా తీసి, ముందు భాగం ఎత్తి, రాత్రంతా నీరు కారనివ్వాలి. తరువాత ట్రాక్టరు ట్రాలీలో పెట్టి వేబ్రిడ్జి మీద తూచి, ఖాళీ ట్రాలీ బరువు తీసివేయాలి. అదే రకం మంచి పడవకన్నా బాగా బరువుంటే ఫోమ్ నీరు తాగినట్టే. లీటరు నీరు కిలో బరువు. 60 లీటర్లు దాగి ఉంటే కనిపించని మనిషి ఒకడు ఎప్పుడూ పడవలో కూర్చున్నట్టే లెక్క.

మూడోది శబ్దం. కుండ కొనేటప్పుడు మన అమ్మలు వేలితో కొట్టి చూస్తారు. ఇదీ అంతే. చిన్న సుత్తితో రెండేసి అంగుళాలకు ఒకచోట తట్టాలి. గట్టి చోట ఖంగుమంటుంది, చెడిన చోట మద్దెగా డబ్బుమంటుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఇంజన్‌ను పట్టుకుని కిందికీ పైకీ ఊపితే పలక కదలకూడదు.

చివరిది, యజమాని అనుమతితో, గుర్తు పెట్టిన చోట లోపలి వైపు నుంచి సన్నని రంధ్రం వేయాలి. అవతలి ఫైబర్ దాకా పోనివ్వరాదు. పొట్టు పొడిగా, లేత రంగులో వస్తే మంచిది. నల్లగా, తడిగా, ముక్కవాసనతో వస్తే ఆ చెక్క పోయింది. చూశాక ఎపాక్సీతో రంధ్రం మూయాలి. ఫైబర్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. తేమ మీటర్లు కూడా ఉన్నాయి. కానీ లోపల ఇనుము ఉన్నా, కొన్ని రకాల రంగులు వేసి ఉన్నా అవి తప్పు చూపుతాయి.

తడి చెక్క మీద కొత్త ఫైబర్ అతికించడం మరమ్మతు కాదు. చెడినదంతా కోసి తీసి, ఆరబెట్టి, మంచి మెరైన్ ప్లైవుడ్ వేయాలి. అంతవరకు ఆ పడవను నీటిలోకి దింపరాదు.

ఈ పరీక్షకు ముఖ్యంగా కావలసింది సుత్తి, సుద్దముక్క, కొంత సమయం. ఆ రోజు నేను "నాకు తెలియదు మామా, తెలిసినవారిని అడుగుదాం" అని ఉంటే చాలు, ఆ డబ్బు మిగిలేది.

విద్యార్థులారా, రేపటి నుంచి మీ ఇంట్లో ప్రతి కాగితం, ప్రతి యంత్రం, ప్రతి బేరం మీ ముందు పెట్టి "నువ్వు చదువుకున్నావు, చూడు" అంటారు. తెలిస్తే కూర్చుని ఓపికగా చూడండి. తెలియకపోతే తెలియదని చెప్పి, కనుక్కుని రండి. తల్లిదండ్రులారా, పిల్లలు "తెలియదు" అంటే చిన్నబుచ్చకండి. ఆ మాట చెప్పగలిగిన పిల్లలే రేపు సరిగా నేర్చుకుంటారు.