తల్లి వయసు - గర్భిణీలలో చక్కెర వ్యాధి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. కార్యదర్శిగారు ఈసారీ పిల్లల చదువు గురించే మాట్లాడమన్నారు. నేనే ఈ విషయం అడిగి తీసుకున్నాను. కారణం మా ఇంట్లోనే ఉంది.

మా ఆపాకు 37వ ఏట మళ్ళీ గర్భం నిలిచింది. అప్పటికి పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది. "ఈ వయసులో ఆస్పత్రి వరసలో నిలబడితే నలుగురూ నవ్వరా?" అని ఆపా గడప దాటలేదు. ఆశా కార్యకర్త వచ్చి పిలిస్తే తలనొప్పి అని పంపేసింది. నన్నడిగితే నేనూ "రంజాన్ వెళ్ళనీ ఆపా, తొందరేముంది?" అన్నాను. ఏడో నెల దాటాక వెళ్తే రక్తంలో చక్కెర ఎక్కువగా ఉందన్నారు. బిడ్డ 4 కిలోలు దాటాడు. ఆపరేషన్ చేసి తీశారు. పుట్టిన కొద్ది గంటలకే వాడికి చక్కెర పడిపోయింది. అల్లా దయవల్ల దక్కాడు. ఆ రెండు రాత్రులూ వరండాలో కూర్చుంటే నేనన్న మాటే నా చెవిలో మోగింది.

ఎందుకిలా జరుగుతుంది? గర్భంలో మావి నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. ఆ లోటు తీర్చడానికి క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేయాలి. వయసు పెరిగేకొద్దీ దానికి ఆ శక్తి తగ్గుతుంది. తల్లి రక్తంలోని చక్కెర మావి దాటి బిడ్డకు చేరుతుంది గాని, తల్లి ఇన్సులిన్ దాటదు. అందుకని బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని లావెక్కుతుంది. బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. ఇన్సులిన్ మాత్రం మిగిలి ఉంటుంది. మా మేనల్లుడికి జరిగింది ఇదే.

ఇక వయసు లెక్క. 12 కోట్ల మందికి పైగా గర్భిణీల వివరాలు కలిపి చూసిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. 18 ఏళ్ళు దాటాక తల్లి వయసు ఒక్కో ఏడు పెరిగేకొద్దీ ఈ ముప్పు ఐరోపా స్త్రీలలో సుమారు 6.5 శాతం, మన ఆసియా స్త్రీలలో 12 శాతానికి పైగా పెరుగుతోందని అందులో తేలింది. అంటే 35 దగ్గర ఏదో తలుపు తెరుచుకోదు. ముప్పు వడ్డీలాగా ఏటా కొంచెం కొంచెం పేరుకుంటుంది. కనుక పాతికేళ్ళ కోడలు కూడా "నాకేం" అనుకోకూడదు. ముప్పై ఎనిమిదేళ్ళ తల్లి సిగ్గుపడనూ కూడదు. వయసు నేరం కాదు. దాన్ని దాచి పరీక్ష తప్పించుకోవడమే తప్పు. లావు, తల్లిదండ్రులకు చక్కెర వ్యాధి, ఇంతకుముందు పెద్ద బిడ్డ పుట్టడం కూడా ముప్పును పెంచేవే.

పరీక్ష సులువు. మద్రాసు డాక్టరు వి. శేషయ్యగారి కృషి వల్ల మన దేశంలో ఒక తేలిక పద్ధతి వచ్చింది. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పరగడుపున రానక్కరలేదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగి, 2 గంటల తర్వాత రక్తం ఇవ్వాలి. 140 గాని, అంతకు మించి గాని ఉంటే జాగ్రత్త పడాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనూ, మళ్ళీ 2018లోనూ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి గర్భిణీకీ మొదటిసారి వెళ్ళినప్పుడే ఈ పరీక్ష చేయాలి. అప్పుడు బాగుంటే 24-28 వారాల మధ్య మరోసారి చేయాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణీలను ఉచితంగా చూసే కార్యక్రమం 2016 నుంచి ఉంది. బెజవాడలోనే కాదు, డెల్టా పల్లెల్లో ఉన్నవారికీ ఇది అందుబాటులో ఉంది.

చక్కెర ఉందని తేలినా భయం వద్దు. చాలామందికి తిండి సరిచేసుకుంటేనే సరిపోతుంది. మన డెల్టాలో పూటపూటా తెల్లన్నమే. పైగా "ఇద్దరికి సరిపడా తిను" అని అమ్మీల బలవంతం! అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచాలి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, రోజూ నడవాలి. రెండు వారాలకూ అదుపు కాకపోతే డాక్టరు మందో ఇన్సులినో ఇస్తారు. ఉపవాసం సంగతి డాక్టరును అడక్కుండా నిర్ణయించుకోవద్దు. గర్భిణీకి, పాలిచ్చే తల్లికి మన దీన్‌లోనే సడలింపు ఉంది కదా.

చివరిగా ఒక మాట. కాన్పు అయ్యాక 6 వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి. ఆ తర్వాత ఏటా చేయించాలి. ఎందుకంటే ఇలాంటి తల్లులకు మున్ముందు చక్కెర వ్యాధి వచ్చే అవకాశం మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బిడ్డ దక్కిన సంతోషంలో మేమది మరిచాం. మూడేళ్ళకు ఆపాకు ఆ వ్యాధి ఖాయమైంది.

అందుకని మగవారికే నా మనవి. ఇంట్లో శుభవార్త తెలిసిన రోజునే ఆస్పత్రికి వెళ్ళే తేదీ క్యాలెండరు మీద రాయండి. మీరే వెంట వెళ్ళండి. "తొందరేముంది" అన్న మాట మాత్రం నాలాగా అనకండి.

తెలుగులో తప్పులుంటే మన్నించండి. ఖుదా హాఫిజ్.