పేదరాశి పెద్దమ్మ పేరు కోడ్‌లో పడితే

ఈ రోజు నా కోడ్ చేసిన ఘనకార్యం చెప్తాను. మా అమ్మమ్మ చెప్పిన కథలు ఫోన్‌లో రికార్డ్ చేసి, తెలుగులోనే పేర్లు పెట్టుకున్నా. తర్వాత లైనక్స్‌లో పైథాన్ స్క్రిప్ట్ రాసి, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క తప్ప అన్నీ తీసెయ్ అన్నా. తీసేసింది! ప్రతి ఫైలుకీ మిగిలిన పేరు ఒక్కటే: డాట్ ఎంపీత్రీ. లైనక్స్‌లో రీనేమ్ మనల్ని అడగదు, పాత ఫైల్ మీద కొత్తది పెట్టేస్తుంది. చివరి కథ ఒక్కటే మిగిలింది. బ్యాకప్ లేదు, తిట్టకండి.

సరే, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అయితే యూనికోడ్ అక్షరాల్ని గుర్తుపడుతుంది కదా అని అది పెట్టా. "పేదరాశి పెద్దమ్మ" కాస్తా "పదరశపదదమమ" అయింది! పైథాన్ ఆర్‌ఈ మాడ్యూల్ లెక్కలో మన గుణింతపు గుర్తులు, పొల్లు అక్షరాలే కావు.

ఇప్పుడు తీసేయాల్సినవే రాస్తున్నా: / \ : * ? " < > |, ఇంకా కంట్రోల్ క్యారెక్టర్లు. అదే పేరుతో ఫైల్ ముందే ఉంటే చివర నంబర్ తగిలిస్తున్నా. పొడవు కూడా చూస్కోండి. ఈఎక్స్‌టీ4లో పేరుకి 255 బైట్లే. యూటీఎఫ్-8లో "ద్ద" ఒక్కటే 9 బైట్లు తినేస్తుంది.

పోయిన కథలు అమ్మమ్మ మళ్లీ చెప్తోంది. ఈసారి పులి చావట్లేదు.