గుండె కుదుటపడింది – మరి గుచ్చిన చోటు?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1977లో జ్యూరిచ్‌లో డాక్టర్ ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ తొలిసారిగా చేసిన గుండె రక్తనాళాల యాంజియోప్లాస్టీ నేడు గుండెపోటులో ప్రాణం నిలిపే చికిత్స. అయితే పూడుకున్న గుండె రక్తనాళం తెరవడానికి గజ్జల్లోనో, మణికట్టు దగ్గరో మరో ధమనిని గుచ్చాలి. పరామర్శకు వచ్చినవారు గుండె సంగతి అడుగుతారు గాని, ఆ గుచ్చిన చోటు సంగతి అడగరు. నా మనవి దాని గురించే.

అత్యవసర చికిత్సలో ఆస్పిరిన్, హెపారిన్ వంటి రెండు మూడు మందులు ఒక్కసారే ఇస్తారు. గుండెను కాపాడే ఆ మందులే గుచ్చిన చోట రక్తం త్వరగా గడ్డకట్టకుండా చేస్తాయి. వయసు మీరినవారికి, స్త్రీలకు, బక్కపలుచనివారికి, మూత్రపిండాల జబ్బున్నవారికి ప్రమాదం ఎక్కువ. మణికట్టు నుండి చేస్తే రక్తస్రావం తక్కువ గనుక ఇప్పుడు వీలైనంతవరకు ఆ దారినే ఎంచుకుంటున్నారు.

చర్మం కొద్దిగా కమిలితే భయం లేదు. క్రమంగా పచ్చబడి పోతుంది. కాని వాపు పెరుగుతున్నా, నాడిలా కొట్టుకునే గడ్డ కనిపించినా, కాలుగాని చేయిగాని చల్లబడి తిమ్మిరెక్కినా ఆలస్యం చేయరాదు. ఆ గడ్డను అల్ట్రాసౌండ్‌తో గుర్తించి, తరచుగా ఆపరేషన్ లేకుండానే నయం చేయవచ్చు.

ఇంకొకటి మరీ ముఖ్యం. గజ్జల్లో గుచ్చినప్పుడు, పైకి చుక్క రక్తం కనబడకుండానే పొట్ట వెనుక భాగంలోకి రక్తం కారవచ్చు. నడుంనొప్పి, కళ్ళు తిరగడం, చెమటలు వస్తే గ్యాసు అనుకొని సరిపెట్టుకోకండి.

రక్తం కారితే రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, శుభ్రమైన గుడ్డతో అరచేత్తో గట్టిగా నొక్కి ఉంచండి. మాటిమాటికీ తీసి చూడవద్దు. ఇంకొకరిచేత 108కి ఫోన్ చేయించండి.

గజ్జల్లో గుచ్చినవారు డాక్టరు చెప్పినన్ని రోజులు గొంతుకూర్చోవడం, నీళ్ళ బకెట్లు మోయడం మానాలి. చర్మం కమిలిందని మందుబిళ్ళలు సొంతంగా ఆపకండి. స్టెంటులో రక్తం గడ్డకట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు.

చివరగా ఒక్క మాట. గజ్జల చోటు కదా అని మన పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవారు, మొగమాటంతో చెప్పరు. కనుక ఇంట్లోవారే రోజూ అడగాలి. మొగమాటం కన్నా ప్రాణం ముఖ్యమని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.